తంజావూరు పెద్ద గుడి గురించి తిరుగుతున్న సందేశంలో నిజమెంత?

తంజావూరు బృహదీశ్వరాలయం ఫోటోతో ఒక సందేశం తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో తరచుగా తిరుగుతూ ఉంటుంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: ఆలయ విమానం (గర్భగుడి మీది గోపురం) నీడ ఏ వేళా నేల మీద పడదు, శిఖరం 80 టన్నుల ఏకశిల, దాన్ని ఆరు కిలోమీటర్ల వాలుకట్ట మీద ఏనుగులతో లాగించారు, ఆ చుట్టుపక్కల రాయే దొరకదు, గుడికి పునాది లేదు, నంది పెరుగుతూ ఉంటే మేకు కొట్టి ఆపారు, ఇదంతా ఎవరు, ఎలా చేశారో నేటి సైన్సుకు కూడా అంతుచిక్కలేదు. తమిళనాడు వారసత్వం పట్ల గౌరవంతోనే చాలామంది దీన్ని పంపుతున్నారనడంలో సందేహం లేదు. అయితే ఇందులో చాలా మటుకు తప్పు. చివరి వాక్యమైతే ఆ గుడి కట్టినవారికి అన్యాయం చేసేదిగా ఉంది.

మొదట నీడ సంగతి. ఉదయం, సాయంత్రం విమానం నీడ ప్రాకారం లోపలి నేల మీద పొడవుగా పరుచుకోవడం ఆ వేళల్లో తీసిన ఏ ఫోటోలోనైనా కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం మాత్రమే అనుకున్నా లెక్క కుదరదు. తంజావూరు సుమారు 10.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు నెలాఖరులో అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి నుంచి దక్షిణానికి 34 డిగ్రీలు వాలి ఉంటాడు. విమానం ఎత్తు 60 మీటర్లు అనుకుంటే దాని కొన నీడ కేంద్రం నుంచి ఉత్తరంగా 40 మీటర్ల దూరాన పడాలి. అడుగుభాగం ఒక్కో పక్క దాదాపు 30 మీటర్లు, అంటే కేంద్రం నుంచి అంచుకు 15 మీటర్లే. మిగిలిన పాతిక మీటర్ల నీడ నేల మీద పడక తప్పదు. మరి ఈ కథ ఎలా పుట్టింది? మార్చి మధ్య నుంచి సెప్టెంబరు చివరి దాకా మధ్యాహ్నపు సూర్యుడు అక్కడ నడినెత్తికి దగ్గరగానే ఉంటాడు కనుక, పైకి పోయే కొద్దీ సన్నబడే ఆ కట్టడం కొన నీడ అడుగుభాగం మీదనే పడి, నేల దాకా రాదు. ఎండాకాలం సెలవుల్లో మధ్యాహ్నం వేళ అక్కడికి వెళ్లిన యాత్రికుడు నీడ కనబడలేదని చెబితే అది అబద్ధం కాదు. దాన్ని ఏడాది పొడవునా ప్రతి వేళకూ వర్తింపజేయడమే అబద్ధం. ఆ అక్షాంశం మీద అదే ఆకారంలో కట్టిన మరే కట్టడమైనా ఇలాగే ప్రవర్తిస్తుంది.

రెండోది ఏకశిల. అష్టకోణపు శిఖరం కింది నుంచి చూసేవారికి ఒకే గుండులాగా కనిపించే మాట నిజం. దగ్గరగా పరిశీలించిన పరిశోధకులు మాత్రం అది బత్తాయి తొనల్లాగా చెక్కి జతచేసిన అనేక రాళ్ల కూర్పు అని చెబుతున్నారు. శిఖరం ముక్కలుగా పైకి వెళ్లినప్పుడు 80 టన్నుల బరువును ఒక్కసారిగా లాగే ఆరు కిలోమీటర్ల వాలుకట్ట అవసరమే ఉండదు. ఆ కట్ట సారపళ్లం అనే ఊరి నుంచి మొదలైందన్నది స్థానికంగా చెప్పుకునే కథ. ఏదో ఒక రకం సారువ గానీ మట్టికట్ట గానీ లేకుండా అంత ఎత్తుకు రాయి ఎక్కదు, అందులో వివాదం లేదు. అభ్యంతరమల్లా సందేశంలోని అంకెల మీదనే.

రాయి దొరకదన్న మాటలో కొంత నిజం ఉంది. తంజావూరు కావేరి డెల్టాలోని ఒండ్రు నేల. గుడికి వాడిన గట్టి రాయి అక్కడ లేదు. కానీ నలభై యాభై కిలోమీటర్లు నైరుతిగా పుదుక్కోట్టై ప్రాంతానికి వెళితే నార్తామలై, కున్నాండార్‌కోయిల్ వంటి రాతి గుట్టలున్నాయి. నార్తామలై మీది విజయాలయ చోళీశ్వరం 9వ శతాబ్ది కట్టడం. అంటే పెద్ద గుడికి శతాబ్దానికి పైగా ముందు నుంచే ఆ ప్రాంతంలో రాయి తొలిచి, చెక్కి గుడి కట్టే పనివారు ఉన్నారన్నమాట.

ఇక అసలు అభ్యంతరం. ఎవరు కట్టారో తెలియదనే మాట మరే గుడి గురించి అన్నా కొంత చెల్లుతుందేమో గానీ, ఈ గుడి విషయంలో చెల్లదు. 19వ శతాబ్ది చివరి దాకా నిజంగానే గందరగోళం ఉండేది. స్థలపురాణం దీన్ని కరికాల చోళుడి ఖాతాలో వేసింది. గోడల మీది తమిళ శాసనాలను శాసన పరిశోధకుడు హుల్ట్జ్ చదివి, దక్షిణ భారత శాసన సంపుటాల్లో అచ్చు వేయించిన తరువాత ఆ చర్చ ముగిసిపోయింది. కట్టించినవాడు మొదటి రాజరాజ చోళుడు (985–1014). మన నన్నయను పోషించిన రాజరాజ నరేంద్రుడు ఈయన కూతురు కుందవ్వకు, వేంగి విమలాదిత్యుడికి పుట్టినవాడు. ఇద్దరినీ ఒకరిగా పొరబడే తెలుగువారు ఇప్పటికీ ఉన్నారు కనుక చెప్పవలసి వచ్చింది. విమానం మీద నిలిపే రాగి కలశాన్ని తన 25వ పాలనా సంవత్సరంలో 275వ రోజున ఇచ్చినట్లు, దాని బరువు 3,083 పలాలు (పలం అప్పటి తూకపు కొలత) అయినట్లు శాసనంలోనే ఉంది. ఆ లెక్కన 1010 వస్తుంది.

మేము ఇచ్చినవీ, మా అక్క ఇచ్చినవీ, మా భార్యలు ఇచ్చినవీ, ఇతరులు ఇచ్చినవీ రాతి మీద చెక్కించండి అని రాజు ఆజ్ఞాపించాడు, శిల్పులు చెక్కారు. ఇందులో అక్క అంటే కుందవై. రాజుతో పాటు ఆమె దానాలు కూడా వివరంగా నమోదైన తీరు చూస్తే, ఇది ప్రశస్తి కంటే జమాఖర్చుల పుస్తకానికి దగ్గరగా కనిపిస్తుంది. బంగారాన్ని ఆడవల్లాన్ అనే పేరుగల తూకపు రాయితో తూచినట్లు చెప్పారు. ఒక అఖండ దీపానికి 96 గొర్రెలను కాపరులకు అప్పగించి, వారు రోజుకు ఒక ఉళక్కు (అప్పటి చిన్న కొలత) నెయ్యి పోయాలని కట్టడి చేశారు. గుడి సొమ్మును గ్రామ సభలకు సాలుకు నూటికి పన్నెండున్నర వడ్డీ మీద ఇచ్చారు. చోళదేశంలోని వేర్వేరు గుడుల నుంచి రప్పించిన 400 మంది నాట్యకత్తెల పేర్లు, వారు ఏ ఊరి ఏ గుడి నుంచి వచ్చారు, తళిచ్చేరి (గుడి నాట్యకత్తెల పేట) వీధుల్లో ఏ వరుసలో ఎన్నో ఇల్లు ఎవరిది, ఇవన్నీ ఒక్కొక్కటిగా రాశారు. చాలామంది పేర్లు నక్కన్ అనే మాటతో మొదలవుతాయి. ఒక్కొక్కరికి ఒక ఇల్లు, ఏడాదికి నూరు కలముల (కలము ధాన్యపు కొలత) వడ్లు. అదే జాబితాలో నట్టువలు, మద్దెలవారు, గొడుగు పట్టేవారు, దీపాలు పెట్టేవారు, దర్జీలు, చాకళ్లు, మంగళ్లు, కంచరులు, వడ్రంగులు ఉన్నారు. పెరుందచ్చన్‌లలో, అంటే పెద్ద శిల్పుల్లో, పెద్దవాడి పేరు కుంజరమల్లన్ రాజరాజ పెరుందచ్చన్. చరిత్రకారులు ఈ గుడి ప్రధాన స్థపతిగా ఇతణ్ణే గుర్తిస్తున్నారు. రాజు మంగలికి సైతం రాజరాజ పెరునావిశన్ అనే బిరుదు ఉంది. ఇంత మంది పేర్లు గోడ మీద ఉండగా, ఎవరు చేశారో తెలియదని రాసినవారు ఆ గోడ వైపు చూడలేదనే అనుకోవాలి.

పునాది విషయంలో చెప్పడానికి ఎక్కువ లేదు. పునాది లేదని తేల్చిన తవ్వకం ఏదీ సందేశం చూపడం లేదు. ఆ బరువు ఎలా నిలిచిందన్నదానికి జవాబు కట్టడంలోనే కనిపిస్తుంది: గర్భగుడికి లోపల ఒకటి, బయట ఒకటి రెండు మందపాటి గోడలున్నాయి, వాటి మధ్య ప్రదక్షిణ మార్గం ఉంది, పై అంతస్తులకు పోయే కొద్దీ గోడలు లోపలికి జరుగుతూ కలుస్తాయి, విమానం లోపల బోలుగా ఉంటుంది. 1931లో ఎస్.కె. గోవిందస్వామి చోళ కాలపు వర్ణచిత్రాలను గుర్తించింది ఆ మార్గంలోనే. వాటి మీద నాయకరాజుల కాలంలో మరో పొర చిత్రాలు వేసి ఉండడం వల్ల అంతకాలం అవి ఎవరి కంటా పడలేదు.

నాయకరాజుల ప్రస్తావన నంది దగ్గరికి తీసుకువస్తుంది. పెరిగే నంది కథ మనకు యాగంటిలో కూడా ఉన్నదే. ఇక్కడ అసలు ఇబ్బంది పెరుగుదల కంటే కాలంతో వస్తుంది. ఇప్పుడు గుడి ముందు కనిపించే ఏకశిలా నంది, దాని మండపం నాయకుల కాలానివి. 16వ శతాబ్దిలో తంజావూరులో రాజ్యం నెలకొల్పిన ఈ నాయకులు తెలుగువారు, వారి ఆస్థానంలో తెలుగు సాహిత్యం వర్ధిల్లింది. అమ్మవారి గుడి పాండ్యుల కాలపు చేర్పు, సూక్ష్మమైన చెక్కడానికి పేరుపొందిన సుబ్రహ్మణ్యస్వామి గుడి మళ్లీ నాయకుల పని. వారి తరువాత వచ్చిన మరాఠా రాజుల్లో రెండో శరభోజి 1803లో తన వంశచరిత్రను అదే ఆవరణలో మరాఠీలో చెక్కించాడు. విమానం ఉత్తర ముఖాన ఉన్న టోపీ మనిషి బొమ్మను చూపించి, తెల్లవారి రాకను చోళులు ముందే ఊహించారనే మరో సందేశం ఈ మధ్య దీనికి తోడయింది. 1620లో రఘునాథ నాయకుడు తీరంలోని తరంగంబాడిలో డేనులకు, అంటే డెన్మార్క్ వారికి, స్థావరం ఇచ్చాడు. అప్పటి నుంచి టోపీవాలాలు తంజావూరు వారికి తెలిసినవారే కనుక, ఆ బొమ్మ తరువాతి మరమ్మతుల్లో చేరి ఉంటుందన్న వివరణకు జోస్యంతో పని లేదు.