కాంక్రీటు రక్షణ గోడ గారికి

శ్రీయుత రక్షణ గోడ గారి దివ్యసముఖానికి,

నమస్కారాలు. నిన్న సాయంత్రం మీ రెండో విడత దర్శనభాగ్యం కలిగింది. నది ఎడమ ఒడ్డున మీరు కొలువుదీరిన రోజే, కుడి ఒడ్డును మట్టిగట్టుగానే ఉంచి చెట్లు పెంచుతామని మాకు సభాముఖంగా మాటిచ్చారు. వెళ్లి చూస్తే ఆ గట్టును నిలువుగా చెక్కేసి, చువ్వలు కట్టి, మీ తమ్ముడుగారిని పోస్తున్నారు. పక్కనే బోర్డు: నదీ పునరుద్ధరణ, రెండో దశ.

మీ అందానికి వంక పెట్టలేం. తాడు పట్టి కొట్టినట్టు తిన్నగా ఉన్నారు. ఒంటి నిండా రంగురంగుల చేపల బొమ్మలు కూడా వేయించుకున్నారు. నీళ్లలో లేకపోయినా గోడ మీదైనా చేపలు ఉన్నందుకు సంతోషం. వాటి కిందే, మురుగు గొట్టాల కోసం మీ నడుముకు గుండ్రటి కంతలు ఎంత పొందికగా పెట్టారో! ఆ మురుగును శుద్ధి చేసే సంగతి మూడో దశలో చూస్తారట. రంగుల ఫౌంటెన్ మాత్రం మొదటి దశలోనే వచ్చేసింది.

చిన్న సందేహం. మట్టిగట్టులో బొరియ తవ్వుకుని గుడ్లు పెట్టే లకుముకిపిట్ట ఇప్పుడు మీలో ఎక్కడ తవ్వాలి? ఇసుకలో గుడ్లు పెట్టడానికి గట్టెక్కే తాబేలుకు నిచ్చెన ఏమైనా వేయించారా? ఒడ్డంటే నీరు ఆగి నేల మొదలయ్యే గీత అని మీ ఇంజినీరు గారి అభిప్రాయం కాబోలు. వరదకు మునిగి, ఎండకు తేలి, ఎటూ తేలని ఆ బురద పట్టీలోనే నది సంసారమంతా ఉంది. జమ్ము, తుంగ దుబ్బుల మధ్య చేపపిల్లలు తలదాచుకుంటాయి. రాలిన ఆకును పురుగు తింటుంది, పురుగును చేప తింటుంది. వంగిన చెట్టు నీడ నీటిని చల్లగా ఉంచుతుంది. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గిపోతుంది. నేలలోని ఊట నదిలోకి దిగేదీ, నది నీరు నేలలోకి ఇంకేదీ ఈ అంచునే. తమరు వచ్చి అన్నిటికీ ఒకేసారి తలుపులు బిగించారు.

ఇళ్ల పక్కనో వంతెన మొదట్లోనో నిలబడితే మిమ్మల్ని ఎవరూ కాదనరు. అక్కడ మీ అవసరం ఉంది, ఒప్పుకుంటాం. కుడి ఒడ్డున మీ వెనక ఏముంది? బీడు. వరదొస్తే నది ఒళ్లు విరుచుకోవడానికి మిగిలిన చోటు అదొక్కటే. దాన్ని నువ్వు మూసేస్తే వరద తగ్గిపోతుందా? అదే నీరు మరింత ఉరవడితో దిగువవాళ్ల మీద పడుతుంది. ఎవరికి రక్షణ నువ్వు?

నీ బంధువుల కబురు కూడా విను. అమెరికాలోని ఫ్లోరిడాలో మెలికలు తిరుగుతూ సుమారు 165 కిలోమీటర్లు పారే కిస్సిమ్మీ నదిని వరద నివారణ పేరుతో 1962-71 మధ్య తవ్వి, దాదాపు 90 కిలోమీటర్ల తిన్నటి కాలువ చేశారు. చిత్తడి నేలలు ఎండాయి, నీటిపక్షులు పోయాయి. చివరికి ఆ కాలువలో కొంత భాగాన్ని పూడ్చి, నదిని పాత మెలికల్లోకి మళ్లించే పని 1999లో మొదలుపెడితే 2021 దాకా పట్టింది. జర్మనీలోని మ్యూనిక్‌లో ఈసార్ నది ఒడ్డున నీలాంటి వాళ్లనే 2000 నుంచి 2011 దాకా, ఎనిమిది కిలోమీటర్ల పొడవునా తొలగించి గులకరాళ్ల మేటలకు చోటిచ్చారు. పునరుద్ధరణ అని వాళ్లు బోర్డు పెట్టింది నిన్ను పీకేసినందుకు. నిన్ను కట్టినందుకు కాదు!

కుడి ఒడ్డున వంపు దగ్గర ఇంకా కాంక్రీటు పడలేదు. చువ్వలు మాత్రమే దించారు. ఆ వంపును వదిలేయమని కాగితం రాసుకుని సంతకాలు తీసుకుంటున్నాం. రేపు పొద్దున మిక్సరు వచ్చేసరికి అక్కడే ఉంటాం. నీ తమ్ముడికి చెప్పు, తొందరపడవద్దని.

ఇట్లు,
ఎడమ ఒడ్డున నిన్ను చూసి చప్పట్లు కొట్టని ఒకరు