బాబాయ్ రూపాయికి లక్ష రాదు

ఆదివారం పొద్దున్నే బాబాయ్ ఒక వాట్సాప్ ఫార్వర్డ్ పంపి, పది నిమిషాలు కూడా ఆగకుండా ఫోన్ చేశాడు. "ఒరేయ్, అలాంటిది మన దగ్గర ఒకటుందిరా. నక్షత్రం కూడా ఉంది!" ఆ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది ఇంతే: అద్దంలా మెరిస్తే అది ప్రూఫ్ నాణెం, సంవత్సరం కింద నక్షత్రం ఉంటే స్పెషల్‌గా కొట్టింది, ప్లాస్టిక్ ప్యాక్‌లో ఉంటే ఇక అనుమానమే అక్కర్లేదు, స్పెసిమెన్ అంటే బయటికి రాని శాంపిల్, వీటిలో ఏదున్నా లక్షలిస్తారు.

ముందు మెరుపు సంగతి. సాయంత్రం బాబాయ్ తెచ్చింది 1995 నాటి స్టీలు రూపాయి. మన రూపాయి 1992 నుంచి స్టెయిన్‌లెస్ స్టీలుదే, అంటే ఇనుము, క్రోమియం కలిసిన లోహం. వంటింట్లో స్టీలు గ్లాసు ముప్పై ఏళ్ళయినా మెరుస్తుంది కదా, ఇదీ అంతే.

ప్రూఫ్ అనేది నాణెం ఎంత కొత్తగా ఉందో చెప్పే మాట కాదు, దాన్ని ఎలా తయారు చేశారో చెప్పే మాట. బొమ్మని అచ్చువేసే డైని, అంటే ఉక్కు అచ్చుని, అద్దంలా పాలిష్ చేస్తారు. ఇంకా బొమ్మ పడని ఖాళీ బిళ్ళకీ విడిగా మెరుగు పెడతారు. ఒక్కో బిళ్ళని ఎక్కువ ఒత్తిడితో, కనీసం రెండుసార్లు కొడతారు. తర్వాత దేనికీ తగలకుండా గ్లవ్స్ వేసుకుని తీస్తారు. చలామణి నాణేల మెషీన్ మాత్రం నిమిషానికి వందల కొద్దీ కొట్టి డబ్బాలో పడేస్తుంది. అవి ఒకదాన్నొకటి గుద్దుకుని పుట్టిన నిమిషంలోనే గాట్లు పడతాయి.

ఈ తేడా ఇంట్లోనే చూడొచ్చు. గదిలో ట్యూబ్‌లైట్లు ఆపేసి ఒక్క బల్బు కింద బ్యాంకు నుంచి తెచ్చిన కొత్త నాణేన్ని అంచులు పట్టుకుని మెల్లగా వాల్చండి. వెలుగు బండి చక్రం ఆకుల్లా గుండ్రంగా తిరుగుతుంది. కొట్టేటప్పుడు లోహం బయటికి పారిన సన్నటి గీతల వల్ల వచ్చే మెరుపది. ప్రూఫ్‌లో ఆ చక్రం తిరగదు. దాని నేల, అంటే బొమ్మా అక్షరాలూ లేని చదునైన భాగం, ఒక వాలులో నల్లగా, ఇంకో వాలులో అద్దంలా కనిపిస్తుంది. పేపరు దగ్గర పెడితే అక్షరాలు తిరగబడి అందులో చదువుకోవచ్చు. ఈ కాలపు ప్రూఫుల్లో సాధారణంగా బొమ్మ మంచు పట్టినట్టు తెల్లగా ఉంటుంది. పాతవాటిలో ఆ తెల్లదనం అంతగా ఉండదు, కాబట్టి అది లేదని తోసిపారేయకండి. అంచు చూడండి, అక్షరాల గోడలు చూడండి. ప్రూఫ్‌లో అవి కత్తితో కోసినట్టు నిటారుగా ఉంటాయి.

ఒక చిక్కు మాత్రం నిజంగా ఉంది. కొత్తగా పాలిష్ చేసిన డైతో కొట్టిన మొదటి కొన్ని మామూలు నాణేలు కూడా అద్దంలాగే వస్తాయి. వాటి దగ్గర తలపండినవాళ్ళూ తడబడతారు.

బాబాయ్ నాణెంలో చక్రమూ లేదు, అద్దమూ లేదు. లెన్స్‌లో చూస్తే నేలంతా ఒకే వైపు పోయిన వెంట్రుకల్లాంటి గీతలు. పిన్నిని అడిగితే అసలు విషయం బయటపడింది: రాత్రి పళ్ళపొడితో తోమాడట! దయచేసి నాణేలు తోమకండి. ఉన్న కాస్త విలువా పోతుంది.

నక్షత్రం హైదరాబాద్ టంకశాల గుర్తు. మన సైఫాబాద్‌లో, తర్వాత చర్లపల్లిలో మామూలు చిల్లర మీద వేసిందే. ముంబైది డైమండ్, నోయిడాది చుక్క, కోల్‌కతాకి ఏ గుర్తూ లేదు. ముంబై వాళ్ళు ప్రూఫ్‌ల మీద 'బి' అనీ, ఊరి పేరు మారాక 'ఎం' అనీ అక్షరం వేశారు. అలాగని ఒక్క అక్షరాన్ని నమ్ముకుని నేనైతే డబ్బు పెట్టను.

ప్యాక్ మాట నా దగ్గర ఎత్తకండి. ఒక ఎగ్జిబిషన్‌లో గుండ్రటి క్యాప్సూల్ చూసి ప్రూఫ్ అనుకుని కొన్నాను, ఇంటికొచ్చి బల్బు కింద పెడితే చక్రం తిరిగింది. ఖాళీ క్యాప్సూళ్ళు ఎవరైనా కొనుక్కోవచ్చు. పైగా టంకశాలే ప్రూఫ్ సెట్లతో పాటు యూఎన్‌సీ సెట్లు కూడా ప్యాక్ చేసి అమ్ముతుంది. యూఎన్‌సీ అంటే చేతులు మారని నాణెం, అంతే. చలామణిలోకి రాదు కాబట్టి ప్రూఫే అనుకోవడమూ తప్పే. 2023 ఆగస్టు 28న విడుదలైన ఎన్టీఆర్ వంద రూపాయల నాణేన్ని హైదరాబాద్ టంకశాలే కొట్టింది. 44 మిల్లీమీటర్లు, సగం వెండి. అది చిల్లరలో రాదు. అయినా అలాంటిది కొనేటప్పుడు ప్రూఫా, యూఎన్‌సీయా అని విడిగా అడగాల్సిందే.

స్పెసిమెన్ అంటే శాంపిల్ అన్నది నోట్ల నుంచి వచ్చిన పొరపాటు. నోట్ల మీద ఆ మాట అచ్చువేసి బ్యాంకులకు నమూనాగా పంపుతారు. నాణేల్లో అది ఒక ఫినిష్, అంటే పైన ఇచ్చే మెరుగు, పేరు, మామూలుదానికీ ప్రూఫ్‌కీ మధ్యరకం. కెనడా టంకశాల ఆ పేరుతోనే సెట్లు అమ్ముతుంది, వాటిలో వెనక నేల మీద సన్నటి గీతలుంటాయి. ప్రయోగానికి కొట్టి చూసినవాటిని ప్యాటర్న్ అంటారు.

ఇక లక్షలు. పాత నాణేలు కొంటామంటూ తన పేరు వాడుకుని కమిషన్, పన్ను అని డబ్బు గుంజుతున్నారని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. కొనేవాడు మనకివ్వాలి గానీ మన దగ్గర ముందు అడగడమేంటి?

బాబాయ్ రూపాయిని చొక్కా జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఫోన్. "అవున్రా, చుక్క ఉన్నది దొరికింది. అదేమైనా వస్తుందా?"