రివ్యూకు రాని రోగికి ఫోన్ చేసేదెవరు?

‘రెండు వారాల తర్వాత రమ్మంటే రారు. రావట్లేదని ఒక్క మాటైనా చెప్పరు.’ నలుగురు డాక్టర్లు కలిసినచోట ఈ ఫిర్యాదు వినిపించక మానదు. చాలా ప్రైవేటు ఆసుపత్రులు యాప్‌లో ఫీజు ముందే కట్టించుకుని తమ నష్టం లేకుండా చూసుకుంటున్నాయి. బ్రిటన్‌లో అయితే 2022లో ప్రధాని పదవికి పోటీపడుతూ రిషి సునాక్ ఏకంగా జరిమానా వేస్తానన్నారు. చెప్పకుండా అపాయింట్‌మెంట్ ఎగ్గొట్టేవారి నుంచి 10 పౌండ్లు వసూలు చేయాలన్నది ఆయన ఆలోచన. ప్రధాని అయ్యాక దాన్ని పక్కన పెట్టేశారు. మన దగ్గర వ్యవహారం జరిమానాదాకా పోలేదు గానీ, తప్పంతా రోగిదేనన్న అభిప్రాయం మాత్రం బాగా పాతుకుపోయింది. ప్రభుత్వాసుపత్రుల విషయంలో ఈ అభిప్రాయం పచ్చి అన్యాయం.

రావట్లేదని చెప్పలేదంటున్నారు కదా, ఎవరికి చెప్పాలి? పెద్దాసుపత్రి ఓపీ చీటీ ఒకసారి తిప్పి చూడండి. పైన రిజిస్ట్రేషన్ నంబరు, మధ్యలో నాలుగు మందుల పేర్లు, అడుగున ‘రెండు వారాల తర్వాత రివ్యూ’ అన్న రాత. ఏ గంటకు రావాలో ఉండదు. ఆ రోజు ఏ డాక్టర్ ఉంటారో ఉండదు. రాలేకపోతే ఏ నంబరుకు ఫోన్ చేయాలో అసలే ఉండదు. ఇది అపాయింట్‌మెంటే కానప్పుడు రద్దు చేసుకోవడం ఎలా?

ఇక ఆ ‘రివ్యూ’ అనే రోజు ఎలా గడుస్తుందో చూద్దాం. షుగర్ ఉన్న మనిషి పరగడుపున రావాలి. పాడేరు ఏజెన్సీ నుంచి విశాఖలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కు రావాలంటే ఘాట్ దిగి వంద కిలోమీటర్లకు పైనే ప్రయాణం. తెల్లవారకముందే ఏమీ తినకుండా బయలుదేరాలి. ఓపీ చీటీకి ఒక లైన్, డాక్టర్ గది ముందు ఇంకో లైన్. పరీక్ష రాస్తారు. రక్తం ఇచ్చాక తిని రెండు గంటలు ఆగి మళ్లీ ఇవ్వాలి. రిపోర్టు వచ్చేసరికి ఓపీ టైం అయిపోతుంది. దాన్ని చూపించడానికి మర్నాడు రావాలి, లేదంటే ఆ డాక్టర్ యూనిట్ మళ్లీ ఓపీ చూసే రోజు దాకా ఆగాలి. అప్పటికి మందుల కౌంటర్‌లో రాసిన నాలుగింట్లో రెండు ఉంటే అదృష్టం. కాగితం మీద ఒక్క రివ్యూ, కాళ్ల మీద అది రెండు మూడు రోజుల పని. వెంట వచ్చే కొడుకో కూతురో ఉంటే వాళ్ల రోజులూ అందులోనే పోతాయి.

ఆ రోజులకు ధర ఉంది. ఉపాధి హామీ పనికి 2025-26లో తెలుగు రాష్ట్రాలు రెండింటికీ ప్రకటించిన రోజు కూలి 307 రూపాయలు. మిరప కోతల కాలంలో, వరి నాట్లప్పుడు బయట అంతకన్నా ఎక్కువే దొరుకుతుంది. ఏడాదిలో పని దొరికే ఆ కొద్ది వారాల్లోనే రివ్యూ తేదీ పడితే ఆ మనిషి ఏం చేయాలి? మహిళలకు తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి బస్సు ఉచితం. టికెట్ ఖర్చు తప్పింది, నిజమే. పోయిన కూలి ఎవరిస్తారు? కాళ్లలో తిమ్మిర్లు కాస్త తగ్గి, ఒంట్లో బాగానే ఉన్నట్టు అనిపిస్తే ఆ మనిషి పనికే వెళ్తాడు. నేనైనా అదే చేస్తాను.

రోగులను తప్పుపట్టేవారి వాదనలోనూ కొంత నిజం ఉంది. టైం ఇచ్చి నడిపే క్లినిక్‌లో ఒకరు రాకపోతే ఆ పావుగంట ఇంకొకరికి దక్కకుండా పోతుంది. నిర్లక్ష్యం చేసేవారూ ఉన్నారు. కారులో రాగలిగి, చేతిలో ఫోన్ పెట్టుకుని కూడా ఒక మెసేజ్ పెట్టనివారు ఉన్నారు. వాళ్ల దగ్గర ఫీజు కట్టించుకుంటే నాకేం అభ్యంతరం లేదు. వాళ్లకోసం తయారైన నియమాన్ని కూలీ మనిషి నెత్తిన రుద్దితేనే పేచీ.

అసలు విషయం వేరే ఉంది. రివ్యూ తప్పడం కూడా జ్వరం లాంటి ఒక లక్షణమే. జ్వరం వచ్చినవాణ్ని ఎవరూ తిట్టరు, ఎందుకొచ్చిందో వెతుకుతారు. గ్లాస్గో విశ్వవిద్యాలయ పరిశోధకులు తోటి విశ్వవిద్యాలయాల వారితో కలిసి స్కాట్లాండ్‌లో 5 లక్షల మందికి పైగా రోగుల రికార్డులు తిరగేశారు. 2019లో వెలువడిన వాళ్ల అధ్యయనం చదివితే గుండె గుభేల్‌మంటుంది. దీర్ఘకాలిక మానసిక సమస్యలున్నవారిలో, ఏడాదికి రెండుకు మించి అపాయింట్‌మెంట్లు తప్పినవారికి చనిపోయే ముప్పు ఒక్కటీ తప్పనివారి కన్నా 8 రెట్లకు పైగా ఉంది. అంటే రానివాళ్లలో చాలామంది, అందరికన్నా ముందు డాక్టర్ చూడాల్సినవాళ్లు. అలాంటివాళ్ల పేరు పక్కన ‘రాలేదు’ అని రాసుకుని ఫైలు మూసేస్తే వైద్యం ఆగాల్సిన చోట కాక, మొదలవ్వాల్సిన చోట ఆగిపోతుంది. బీపీ మందు మానేసిన మనిషి ఎక్కడికీ పోడు. మూడేళ్లకో ఐదేళ్లకో పక్షవాతంతో అదే ఆసుపత్రి ఎమర్జెన్సీకి వస్తాడు, కిడ్నీ దెబ్బతిని డయాలసిస్ మంచం ఎక్కుతాడు. అప్పుడు మాత్రం ఆరోగ్యశ్రీ కింద లక్షలు ఖర్చు పెడతాం. ముందే చేయాల్సిన ఒక్క ఫోన్ కాల్‌కు మనిషి లేడంటాం.

ఫోన్ చేస్తే వస్తారా అని అడిగేవాళ్లకు జవాబు మన దేశంలోనే ఉంది. భారత రక్తపోటు నియంత్రణ కార్యక్రమం మొదలైన ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. అందులో ప్రతి బీపీ పేషెంట్ పేరూ నమోదవుతుంది, తేదీకి రానివారి జాబితా సిబ్బందికి విడిగా కనిపిస్తుంది, వాళ్లు ఫోన్ చేసి పిలుస్తారు. నెల మందులు ఊరి దగ్గరి ఆరోగ్య కేంద్రంలోనే అందేలా చూశారు. 2022లో ఐక్యరాజ్యసమితి అవార్డు వచ్చింది ఈ పనికే. హెచ్‌ఐవీ రోగులకు మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లలో కౌన్సిలర్లు మందులకు రానివారిని వెతకడం అంతకుముందు నుంచీ ఉన్నదే; కోవిడ్ రోజుల్లో హెచ్‌ఐవీ మందులు ఒకేసారి మూడు నెలలకూ ఇచ్చారు. కిడ్నీ జబ్బులతో అల్లాడే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం చూడండి. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటల డయాలసిస్ కోసం విశాఖ దాకా వెళ్లలేక జనం నలిగిపోతుంటే, డయాలసిస్ కేంద్రాలను సోంపేట, పలాస లాంటి చోట్లకు తెచ్చారు. 2019 నుంచి డయాలసిస్ రోగులకు నెలకు 10 వేల పింఛన్ ఇస్తున్నారు. ఉద్దానం రైతుకు బాధ్యత లేదని అక్కడ ఎవరూ అనలేదు. దూరం తగ్గించారు, పోయిన కూలికి ఆసరా ఇచ్చారు.

ఆ బుద్ధి మిగతా చోట్ల ఎందుకు రాదు? పేదవాడి రోజుకు విలువ లేదని మన వ్యవస్థ ఎప్పుడో తీర్మానించుకుంది కాబట్టి. రేషన్ ఈకేవైసీకి వేలిముద్ర పడకపోతే మళ్లీ రమ్మంటారు. ఆధార్‌లో ఒక అక్షరం తప్పుంటే మళ్లీ రమ్మంటారు. కుల ధ్రువీకరణ పత్రానికి సంతకం పెట్టాల్సినవారు మీటింగ్‌కు వెళ్లారు, మళ్లీ రమ్మంటారు. ఆ ‘మళ్లీ’ ఖర్చు ఏ బడ్జెట్‌లోనూ కనిపించదు, కూలి మనిషి జేబులోంచి పోతుంది. ఆసుపత్రి రివ్యూ కూడా ఆ వరసలోదే. తలచుకుంటే ప్రభుత్వం గడప దాకా రాగలదని ఆంధ్రప్రదేశ్ పింఛన్ల విషయంలో రుజువైంది. ప్రభుత్వం మారినా నెల మొదట్లో డబ్బు ఇంటికే వస్తోంది. అదే ఇంట్లోని ముసలావిడ బీపీ గోళీల కోసం కర్ర పట్టుకుని పీహెచ్‌సీకి నడవాల్సి వస్తే మాత్రం మనకు వింతగా అనిపించదు.

చేయాల్సినవి పెద్ద పనులేమీ కావు. ఓపీ కౌంటర్‌లో ఇప్పుడు రోగి ఫోన్ నంబరు తీసుకుంటున్నారు, ఆభా (డిజిటల్ ఆరోగ్య ఖాతా) క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే టోకెన్ ఫోన్‌కే వస్తోంది. ఆ నంబరుకు రివ్యూకు రెండు రోజుల ముందు తెలుగులో మెసేజ్ పంపొచ్చు. లండన్ ఆసుపత్రుల్లో గుర్తుచేసే మెసేజ్‌లో ‘మీరు రాకపోతే దాదాపు 160 పౌండ్ల నష్టం’ అన్న ఒక్క వాక్యం చేర్చి చూస్తే, రానివారు 11.1 శాతం నుంచి 8.4 శాతానికి తగ్గారు, జరిమానా లేకుండానే. చదవలేనివారికి ఆశా కార్యకర్త చేత కబురు పంపొచ్చు. నిలకడగా ఉన్న షుగర్, బీపీలకు మూడు నెలల మందులు ఒకేసారి ఇవ్వొచ్చు. వారంలో రెండు సాయంత్రాలు ఓపీ నడపొచ్చు. రోజుకు ఎంతమందిని చూశామో ప్రతి ఆసుపత్రీ లెక్క చెబుతుంది. రమ్మన్నవాళ్లలో ఎంతమంది తిరిగి రాలేదో, వాళ్లలో ఎంతమందికి ఫోన్ చేశారో కూడా నెలనెలా నోటీసు బోర్డులో పెట్టమని సూపరింటెండెంట్లను ఆదేశించాలి. ఆ అంకె బయటికొచ్చాక రోగుల బాధ్యత గురించి మాట్లాడుకుందాం.