కోలా, మంట, రెండడుగుల పైపు: ఆ సందేశంలో నిజమెంత

తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలై జూన్ 14న ముగుస్తుంది. ఈ 61 రోజుల్లోనే ఒడిశాలోని గంజాం తీరంలో, గోపాలపూర్ నుంచి సోనాపూర్ దాకా, బోట్ల ఇంజన్లు ఒడ్డుకెక్కి మరమ్మతుకు వస్తాయి. పట్టేసిన బోల్టుల గురించిన ఒక తెలుగు సందేశం కూడా ఇప్పుడే ఫోన్లలో తిరుగుతోంది. మన వాడబలిజ మత్స్యకార పల్లెల్లో కొందరు దాన్ని ఒడియా మెకానిక్కులకు చదివి వినిపించి మరీ అలాగే చేయమంటున్నారు. తెలుగు చదవడం రాని ఆ మెకానిక్కు ఎంత అదృష్టవంతుడో వారికి తెలియదు.

సందేశం చెప్పేది ఇది. ఒకటి, బోల్టు మీద కోలా పోసి పావుగంట ఆగితే తుప్పు కరిగిపోతుంది. రెండు, అప్పటికీ కదలకపోతే ఎర్రగా కాలేదాకా మంట పెట్టి, వెంటనే చన్నీళ్ళు కొట్టాలి. మూడు, పానాకు రెండడుగుల పైపు తొడిగి ఒక్క ఊపు ఊపాలి. నాలుగు, బోల్టు విరిగినా భయం లేదు, విరిగిన ముక్కను బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్‌తో రెండు నిమిషాల పని. అయిదు, దాని స్థానంలో స్టెయిన్‌లెస్ బోల్టును నూనె తగలకుండా పొడిగా బిగిస్తే ఇక జన్మలో పట్టేయదు.

ఈ అయిదింటిలో ఏదీ పూర్తిగా కల్పన కాదు, చిక్కంతా అక్కడే ఉంది. రాసినవారి మనసులో ఉన్నది లారీ చక్రం నట్టులాంటిదై ఉండాలి: ఇనుములో ఇనుము, మధ్యలో ఎర్ర తుప్పు. బోటుకు తగిలించే ఔట్‌బోర్డు ఇంజను ఒళ్ళు అల్యూమినియం, బోల్టులు ఎక్కువగా స్టెయిన్‌లెస్. పర్లాకిమిడి వైపు పొలాల్లోని పాత డీజిల్ పంపుసెట్టు పోత ఇనుము. ఏ లోహంలో ఏ లోహం దిగి ఉందో అడగకుండా మందు రాయడమే ఈ సందేశం చేసిన తప్పు.

కోలా సంగతి ముందు చూద్దాం. అందులో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న మాట నిజం. ఆ ఆమ్లం ఇనుప తుప్పును ఫాస్ఫేటుగా మారుస్తుందన్నదీ నిజం. కానీ సీసాలో దాని పాలు అత్యల్పం, మిగిలిందంతా నీళ్ళూ చక్కెరా. రాత్రంతా నానబెడితే ఒక మేకు పైన మెరుపు రావచ్చు. బిగిసి ఉన్న మరల, అంటే బోల్టు మీది మెలికల, మధ్య సందులోకి ఆ తీపి నీళ్ళు పావుగంటలో దిగవు. పలచటి నూనె దిగుతుంది, దానికీ గంటలు పడుతుంది. సాయంత్రం వేసి, తల మీద సుత్తితో నాలుగు చిన్న దెబ్బలు కొట్టి, పొద్దున మళ్ళీ వేయాలి. డీజిలైనా కోలా కంటే మేలే. అందరి చేతుల్లో కనిపించే డబ్ల్యూడీ-40 డబ్బా కూడా ఈ పని కోసం పుట్టింది కాదు. 1953లో అమెరికాలో, అట్లాస్ క్షిపణి ఒంటికి తుప్పు పట్టకుండా తేమను తరిమేందుకు తయారైంది. కొంత పనిచేస్తుంది, అంతే.

అసలు అభ్యంతరం వేరే ఉంది. ఔట్‌బోర్డు బోల్టు చుట్టూ కనిపించేది ఎర్ర తుప్పు కాదు, తెల్లటి పొడి. ఉప్పునీళ్ళు తగిలినప్పుడు స్టెయిన్‌లెస్, అల్యూమినియం రెండూ కలిసి ఒక చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి. అందులో తరిగిపోయేది అల్యూమినియం. అలా పుట్టిన తెల్ల పొడి, తాను పుట్టిన లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమించి మరల మధ్య కూరుకుపోతుంది. బోల్టుకు తుప్పే లేనప్పుడు తుప్పు మందు దేనికి? పైగా ఆమ్లం ఆ పొడితో ఆగదు, కింద మిగిలిన అల్యూమినియాన్నీ తింటుంది.

ఇక మంట. అయిదింటిలో బాగా పనిచేసేదీ, తప్పుగా చేస్తే ఇంజనును పూర్తిగా పాడుచేసేదీ ఇదే. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, ఇంజను పోతల్లో వాడే మిశ్రమాలు అంతకన్నా ముందే కరగడం మొదలుపెడతాయి. పట్టపగలు ఇనుము స్పష్టంగా ఎర్రబడాలంటే వేడి సుమారు 700 డిగ్రీలకు చేరాలి. అంటే బోల్టు ఎర్రబడే సరికి దాని చుట్టూ ఉన్న గోడ ఉండదు. అల్యూమినియం కరిగే ముందు రంగు మార్చి హెచ్చరించదు కూడా. నిన్నటిలాగే వెండి రంగులో ఉండి, ఉన్నట్టుండి జారిపోతుంది.

వేడి చేయాల్సింది బోల్టును కాదు, దాని చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని. ఒకే వేడికి అల్యూమినియం మామూలు ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి రంధ్రం బోల్టు కంటే ఎక్కువగా పెద్దదవుతుంది. 8 మిల్లీమీటర్ల రంధ్రంలో 100 డిగ్రీల వేడికి వచ్చే తేడా మిల్లీమీటరులో వందో వంతుకు కాస్త తక్కువ. వినడానికి ఏమీ లేనట్టుంటుంది గానీ, పొడి పట్టు వదలడానికి చాలాసార్లు అది చాలు. స్టెయిన్‌లెస్ మామూలు ఉక్కు కంటే ఎక్కువ సాగుతుంది, కాబట్టి మన బోట్ల ఇంజన్లలో ఈ తేడా సుమారు సగానికి పడిపోతుంది. అందుకే ఒక్కసారి మండించడం కంటే వేడి, చల్లార్పు, మళ్ళీ వేడి అంటూ నాలుగైదుసార్లు తిప్పడం మేలు. చుక్క నీరు పడితే చుయ్యిమని ఎగిరిపోయేంత వేడి సరిపోతుంది. హీట్ గన్ ఉంటే మంటే అక్కరలేదు. ఆ వేడి మీద మరల మొదట్లో కొవ్వొత్తి ఆనిస్తే కరిగిన మైనం సందులోకి పాకుతుంది, దీనికి చవక మందు ఇంతకన్నా లేదు. దగ్గరలో రబ్బరు సీలు ఉంటే తర్వాత మార్చక తప్పదనుకోండి. పెట్రోలు గొట్టం, ట్యాంకు ముందే దూరం జరపాలని వేరే చెప్పాలా? ఒకటి మాత్రం చెప్పాలి: బ్రేకులు కడిగే స్ప్రేలలో క్లోరిన్ ఉన్న రకాలకు మంట తగిలితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. దానితో కడిగిన చోట మంట పెట్టకూడదు.

చన్నీళ్ళ మాట పంపుసెట్టు ఉన్నవారు అసలే వినకూడదు. పోత ఇనుము వేడిని తట్టుకుంటుంది, హఠాత్తుగా చల్లబడితే పగులుతుంది. ఎగ్జాస్టు దగ్గరి స్టడ్ (తల లేని బోల్టు) కోసం ఇంజను హెడ్డునే పోగొట్టుకున్నట్టవుతుంది. అక్కడ స్టడ్ మీది నట్టును ఎర్రగా కాల్చడం వరకు నిజంగా మంచి పద్ధతే. తర్వాత దాని మానాన దాన్ని చల్లారనివ్వాలి.

పైపు గురించి పెద్దగా వాదించనక్కరలేదు, లెక్క చాలు. మర వ్యాసం 8 మిల్లీమీటర్లు ఉన్న బోల్టును, అంటే 12 లేదా 13 నంబరు పానా పట్టేదాన్ని, 8.8 అనే బలం గుర్తున్న ఉక్కు రకమైతే సుమారు 25 న్యూటన్ మీటర్ల మెలితిప్పే బలానికి బిగిస్తారు. రెండడుగుల పైపు చివర 40 కిలోల బలం వేస్తే 240 వస్తుంది. ఊడటం, విరగడం అనే రెండింటిలో ఏది ముందు జరుగుతుందో ఊహించుకోవచ్చు. ముందు కాస్త బిగించే వైపు, తర్వాత విప్పే వైపు, మళ్ళీ బిగించే వైపు, ఇలా కొద్దికొద్దిగా ఆడించాలి. వదిలే బోల్టు టక్కుమంటుంది. శబ్దం లేకుండా మెత్తగా, సాగుతున్నట్టు తిరుగుతోందంటే అది ఊడటం కాదు, మెలిపడటం. అక్కడే ఆపాలి. తల మూలలు అరిగిపోవడానికి కారణం కూడా తరచుగా బలం కాదు, పానా. జపాను ఇంజన్లలో 8 మిల్లీమీటర్ల బోల్టు తల 12 నంబరు ఉంటుంది, దానికి 13 వేస్తే మూలలు ఏమవుతాయి? పన్నెండు మూలల సాకెట్ బదులు ఆరు మూలలది వాడాలి. స్క్రూలైతే స్క్రూడ్రైవరుతో కుస్తీ పట్టకుండా, సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్టు డ్రైవరు కొనుక్కోవాలి.

విరిగిన తర్వాత ఎక్స్‌ట్రాక్టర్ అనే నాలుగో మాట నాకు అన్నిటికన్నా కోపం తెప్పిస్తుంది. పూర్తి లావున్న బోల్టు తలే తిప్పలేని మరను, దాని నడుమ తొలిచిన చిన్న రంధ్రంలో దిగిన సన్నటి పనిముట్టు ఎలా తిప్పుతుంది? సూదిగా సన్నబడే రకమైతే దిగేకొద్దీ బోల్టును లోపలి నుంచి వెడల్పు చేసి ఇంకా బిగిస్తుంది. అది గట్టి ఉక్కు, పెళుసు. లోపల విరిగితే మామూలు డ్రిల్లు బిట్టు దాని మీద గీత కూడా పెట్టలేదు. కార్బైడ్ బిట్టుతోనో, మెరుపులతో లోహాన్ని తినిపించే స్పార్క్ ఎరోజన్ యంత్రంతోనో తీయాలి. తల మాత్రమే విరిగి మర వదులుగా ఉన్నప్పుడు ఎక్స్‌ట్రాక్టర్ పనికొస్తుంది. మర పట్టేసినప్పుడు, విరిగిన ముక్క మీద నట్టు పెట్టి లోపల వెల్డింగ్ నింపించడం చాలా నయం. అల్యూమినియానికి ఉక్కు వెల్డింగ్ అతుక్కోదు, పైగా ఆ వేడే మరను సడలిస్తుంది. బరంపురంలో మంచి వెల్డరు చేయగల పని ఇది. అదీ కుదరకపోతే సరిగ్గా మధ్యలో పంచ్ కొట్టి, ఎడమకు తిరిగే బిట్టుతో తొలవాలి. తొలుస్తుండగానే ముక్క బయటికి నడిచి రావడం అరుదేమీ కాదు. రంధ్రంలో మర పోతే టెఫ్లాన్ టేపు చుట్టడం, లావు బోల్టును బలవంతంగా దింపడం మానేసి హెలికాయిల్ వేయించుకోవాలి. 8 మిల్లీమీటర్ల మరకు 8.3 బిట్టుతో తొలిచి, దాని ట్యాపుతోనే కొత్త మర కోసి, తీగ చుట్ట దింపుతారు. అల్యూమినియంలో అది అసలు మర కంటే గట్టిగా నిలుస్తుంది.

చివరిది స్టెయిన్‌లెస్. మెరిసేది కాబట్టి బలమైనదని అందరి నమ్మకం. తల మీద ఏ2-70 అని ఉన్న స్టెయిన్‌లెస్ బోల్టు 450 మెగాపాస్కళ్ళ దగ్గర సాగడం మొదలవుతుంది, 8.8 ఉక్కు బోల్టు 640 దగ్గర. హెడ్డులో, కనెక్టింగ్ రాడ్డులో ఆ మార్పిడి ప్రమాదం. బయటి భాగాల్లో ఉప్పుగాలికి స్టెయిన్‌లెస్ అవసరమే, ఏ4 రకమైతే మరీ మంచిది. కానీ పైన చెప్పిన తెల్ల పొడి పుట్టేది దానివల్లే. పొడిగా బిగించడం అంటే ఉప్పునీటికి దారి తెరిచి ఉంచడమే. మరలకు బోట్ల పనికి తయారైన పూత రాయాలి. రాగి కలిసిన గ్రీజు అల్యూమినియంలో వద్దు, అది కూడా ఆ బ్యాటరీలో చేరుతుంది. నూనె రాస్తే బోల్టు ఊడిపోతుందన్న భయానికి ఆధారం లేదు. కుదుపులకు వదులయ్యేది ఎక్కువగా చాలినంత బిగించని బోల్టే. నూనె పూసిన మర తక్కువ బలానికే ఎక్కువ బిగుస్తుంది కాబట్టి, నూనె రాయని మరకు ఇచ్చిన కొలత నుంచి నాలుగో వంతు వరకు తీసేసి బిగించాలి. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచి లేకుండా ఈ లెక్క కుదరదు, ఒక్కొక్కరు కొనలేకపోతే పల్లె మొత్తానికి ఒకటి కొన్నా చాలు.