పెంగ్విన్ చెత్తబుట్ట గారికి

మహారాజశ్రీ పెంగ్విన్ చెత్తబుట్ట గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. ఏ పక్షుల చెరువుకు వెళ్లినా గేటు దగ్గర మొదటి దర్శనం మీదే. పొట్ట మీద ‘యూజ్ మీ’ అని రాసుకుని, నోరు తెరుచుకుని, మాడు పగిలే ఎండలో నిలబడి ఉంటారు. మీ వాళ్లు కొందరు అంటార్కిటికా మంచులో ఉంటారట. మీకు వడదెబ్బ తగలకపోవడం ఫైబర్ మహిమ.

పుడితే మీలా పుట్టాలి. సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు పక్షుల చెరువులో గూడబాతుల (పెలికాన్ల) బతుకూ ఒక బతుకేనా? అక్టోబరులో దిగడం, నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూళ్లు కట్టుకోవడం, పులికాట్ సరస్సు దాకా ఎగిరి వెళ్లి చేపలు పట్టుకురావడం, ముక్కు కింది సంచిలోకి పిల్లలు తల దూర్చి తింటుంటే ఓర్చుకోవడం. మార్చి దాకా ఇదే చాకిరీ. ఇంత చేసినా కెమెరా వైపు ఒక్కటీ తిరగదు. జనం వాచ్‌టవర్ ఎక్కి, ‘దూరంగా తెల్లచుక్కలు తప్ప ఏమున్నాయి’ అని పెదవి విరిచి, దిగొచ్చి మీ భుజం మీద చెయ్యేసి సెల్ఫీ తీసుకుంటారు. స్టేటస్‌లో మాత్రం ‘బర్డ్ వాచింగ్’ అని పెడతారు.

కొందరికి ఇంకో దిగులు. 2001 నుంచి సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ జరుగుతోంది కదా, ఆ పేరు విని వచ్చి గూడబాతుల చెరువులో రాజహంసల కోసం వెతుకుతారు. అవేమో పులికాట్‌లో, మోకాలి లోతు ఉప్పునీళ్లలో మేస్తుంటాయి. ‘టికెట్ దండగ’ అనుకుంటూ వీళ్లు మళ్లీ మీ దగ్గరికే వస్తారు.

మీ భోజనం సంగతి. చిప్స్ ప్యాకెట్లు, పులిహోర మిగిలిన ప్లేట్లు, సగం తాగిన నీళ్ల సీసాలు. ఖాళీ చేసే నాథుడు రాడు గనక గొంతు దాకా నిండి, గాలి వీస్తే అంతా చెరువులోకే కక్కేస్తారు. గూడబాతులు చెరువులోకి వదిలేది రెట్ట. ఆ నీళ్లు పారితే పొలానికి బలమని రైతులు సంతోషిస్తారు. మీరు వదిలినదాంతో ఏ పైరూ పండిన దాఖలా లేదు. ఇది మిమ్మల్ని తప్పుపట్టడం కాదు. మీ నోట్లో వేసినవాళ్లు కాస్త నయమే, పక్కన వేసినవాళ్లే ఎక్కువ.

ఒక్క మనవి. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో చెట్లు చాలక ఇనుప స్టాండ్లు పెడితే పక్షులు సర్దుకుని వాటి మీదే కాపురం పెట్టాయి. తమరూ కాస్త సర్దుకుని పార్కింగ్‌లోకి మారితే, సెల్ఫీల వాళ్లు అటునుంచి అటే ఇంటికి వెళ్లిపోతారు. వాళ్ల బ్లూటూత్ స్పీకర్లూ వాళ్లతోనే పోతాయి.

ఇట్లు,
మీ తర్వాతి స్థానంలో ఉన్న పక్షుల తరఫున,
ఒక విధేయుడు