పెళ్ళి నిజమే, కాగితాల్లోనే నేను లేను

మొన్న ఒక చెల్లి మెసేజ్ పెట్టింది. "అక్కా, పెళ్ళి కుదిరింది. అబ్బాయికి మెల్‌బోర్న్‌లో పీఆర్ (శాశ్వతంగా ఉండే అనుమతి). పార్ట్‌నర్ వీసా కోసం పెళ్ళిలో ఎలాంటి ఫొటోలు తీయించుకోవాలి?" ఫొటోల సంగతి తర్వాత, ముందు నీ పేరు ఎక్కడెక్కడ ఉందో చూసుకోమని మొదలుపెట్టి అరగంట టైప్ చేశాను. పంపాక కూడా కోపం తగ్గలేదు. మిగిలిందంతా ఇక్కడ రాస్తున్నా. పెద్ద పోస్టే, ఓపికుంటే చదవండి.

మాది పెద్దలు కుదిర్చిన సంబంధం. నాది తెనాలి, మా ఆయనది పొన్నూరు. ఉద్యోగం మెల్‌బోర్న్‌లో. నాలుగు వారాల సెలవు మీద వచ్చాడు. బట్టలు కొనడం, పెళ్ళి, వ్రతం, తిరుపతి, బంధువుల ఇళ్ళలో భోజనాలు పోగా మేమిద్దరమే కూర్చుని మాట్లాడుకున్నది గట్టిగా తొమ్మిది రోజులు. ఆయన విమానం ఎక్కాక 309 అనే పార్ట్‌నర్ వీసా దరఖాస్తు ముందేసుకున్నాం. ఫీజే 9,000 ఆస్ట్రేలియా డాలర్ల పైన, మన లెక్కలో ఐదు లక్షలు దాటింది. వీసా ఇవ్వకపోతే ఆ డబ్బు తిరిగి రాదు. ఇక టెన్షన్ ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఆస్ట్రేలియా వీసా ఆఫీసు వాళ్ళు పెళ్ళిని నాలుగు వైపుల నుంచి చూస్తారు. డబ్బు, ఇల్లు, నలుగురిలో మీ సంబంధం, ఒకరి మీద ఒకరికి ఉన్న నిబద్ధత. ఇది ఏజెంట్లు కల్పించింది కాదు. 1994 నాటి వాళ్ళ మైగ్రేషన్ రెగ్యులేషన్లలో 1.15ఏ దగ్గర వివరంగా ఉంది. ఇద్దరి పేరు మీదా ఆస్తి ఉందా, అప్పు ఉందా, రోజువారీ ఖర్చు ఎలా పంచుకుంటారు, స్నేహితులూ తెలిసినవాళ్ళూ మిమ్మల్ని ఏమనుకుంటున్నారు, కష్టానికీ సుఖానికీ ఒకరికొకరు ఎంత తోడున్నారు. ఇంటిపని ఎలా పంచుకుంటారన్నది కూడా అందులో ఉంది. అది చదివి వినిపించినప్పుడు మా మావయ్య గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇది కూడా రాసిచ్చేదేనా?" అన్నారు.

ఇక్కడికి వచ్చేసరికి అందరూ ఒకటే మాట ఎత్తుకుంటారు. అగ్నిసాక్షిగా చేసుకున్న పెళ్ళికి రుజువేంటి, మన సంప్రదాయం వాళ్ళకేం తెలుసు అని. నేనూ ఓ వారం అదే పాట పాడాను. బీరువా తెరిచి కాగితాలు తీయడం మొదలుపెట్టాక నా కోపం మెల్‌బోర్న్ నుంచి తెనాలికి, అక్కణ్ణుంచి పొన్నూరుకి మళ్ళింది.

పొన్నూరు ఇంటి కరెంటు బిల్లు మా ఆయన తాతగారి పేరు మీద ఉంది. ఆయన పోయి పదకొండేళ్ళు. ఇంటి పన్నూ ఆయనే కడుతున్నారు, పాపం. గ్యాస్ మావయ్య గారిది. రేషన్ కార్డులో నేనింకా మా నాన్న కూతురినే. అక్కడ పేరు తీయిస్తే గానీ ఇక్కడ చేర్చరు, సచివాలయానికి తిరిగే తీరిక ఎవరికీ లేదు. నా బ్యాంకు ఖాతా కాలేజీ రోజుల్లో నాన్నతో కలిపి తెరిచింది. ఎల్ఐసీ పాలసీలో నామినీ అమ్మ. మా ఆయన సూపర్ ఖాతాలో (అక్కడి పీఎఫ్ లాంటిది) నామినీ గడి అసలు ఖాళీ. నా ఒంటి మీదున్న బంగారం బిల్లులు కూడా నాన్న పేరు మీదే. అంటే ఇరవై ఏడేళ్ళు వచ్చినా, రెండు ఇళ్ళ మధ్య తిరుగుతున్నా, ఆధార్, పాన్, పాస్‌పోర్టు తప్ప నేను ఉన్నానని చెప్పే కాగితం ఏ ఇంట్లోనూ లేదు.

సరే, జాయింట్ ఖాతా తెరుద్దామని బ్యాంకుకి వెళ్ళాం. ఎన్నారై ఖాతాలో ఇక్కడున్న భార్యని చేర్చుకోవచ్చు, కానీ "ఫార్మర్ ఆర్ సర్వైవర్" పద్ధతిలో. అంటే ఆయన ఉన్నంతకాలం, పవర్ ఆఫ్ అటార్నీ ఉంటే తప్ప, నేను ఆ ఖాతాని ముట్టుకోకూడదు. మేనేజర్ ఇది చాలా మర్యాదగా చెప్పాడు. అంటే జాయింట్ అన్నది పాసుపుస్తకం అట్ట మీదే. చివరికి ఆయన ప్రతి నెలా నా సొంత ఖాతాకి డబ్బు పంపడం మొదలుపెట్టాడు, అది నేను ఖర్చు పెట్టడం మొదలుపెట్టాను. జాయింట్ ఖాతా కంటే ఆ స్టేట్‌మెంటే మా సంసారాన్ని బాగా చూపించిందని నా నమ్మకం. ఆయన పంపిన డబ్బులోంచి అత్తయ్య గారి పంటి డాక్టరు ఫీజు, మా తమ్ముడి బైకు రిపేరు, ఒక నెలలో రెండుసార్లు బిర్యానీ. ఏ ఆఫీసరు చూసినా ఇది దొంగ పెళ్ళి అనడు.

చాట్ల గొడవ ఇంకోటి. మెల్‌బోర్న్ మనకన్నా నాలుగున్నర గంటలు ముందు, వాళ్ళకి ఎండాకాలమైతే ఐదున్నర. ఆయన నిద్రపోయే ముందు, నాకు సాయంత్రం టీ వేళకి, రోజూ గంటా గంటన్నర ఫోన్‌లోనే. వాట్సాప్ చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి చూస్తే ఏముంది? "తిన్నావా." "తిన్నా." "చేయనా?" "అయిదు నిమిషాలు." ఆరు నెలల ప్రేమంతా కాల్స్‌లో పోయింది, మిగిలింది అన్నం లెక్క. నేనైతే దాన్ని అలాగే పెట్టాను, మధ్యలో మేం పోట్లాడుకున్న మూడు రోజులతో సహా. ఆ మూడు రోజులూ ఆయన "తిన్నావా" అని అడుగుతూనే ఉన్నాడు, నేను జవాబివ్వలేదు. అది తీసేయమని ఒకాయన సలహా ఇచ్చాడు.

ఆ ఒకాయన గురించి చెప్పాలి. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీ. పేరెందుకులే. మా ఫైలు చూసి, "మేడమ్, వారు మళ్ళీ వచ్చినప్పుడు నాలుగు జతల బట్టలు తీసుకుని ఒక పార్కుకి వెళ్ళండి, నాలుగు నెలల ఫొటోలు ఒక పూటలో అయిపోతాయి" అన్నాడు. నవ్వుతూ చెప్పాడు, రోజూ చెప్పే మాటలా. నిజంగా పెళ్ళైన జంటని, పెళ్ళైనట్టు నటించమంటున్నాడు! నకిలీ రుజువు పెట్టినట్టు తేలితే ఈ వీసా పోవడమే కాదు, మూడేళ్ళ పాటు చాలా రకాల వీసాలకి దారి మూసుకుపోవచ్చు. అది ఆయనకి తెలియదా? తెలుసు. ఫైలు లావుగా కనిపిస్తే ఫీజు లావుగా అడగొచ్చు, అంతే.

ఫారం 888 దగ్గర నాకు నిజంగా ఏడుపొచ్చింది. మా పెళ్ళి నిజమని, మమ్మల్ని ఎరిగినవాళ్ళు ఇద్దరు రాసివ్వాలి, ఆస్ట్రేలియా పౌరులో పీఆర్ ఉన్నవాళ్ళో అయితే మేలు. అక్కడ నన్నెవరు ఎరుగుదురు? మా ఆయన రూమ్మేటు నన్ను వీడియో కాల్‌లో ఫోన్ పక్కకి తిప్పినప్పుడు చూశాడు. ఇక్కడేమో ఆరువందల మంది వచ్చి అక్షింతలు వేసి వెళ్ళారు. వాళ్ళ సంగతేంటి అని ఆలోచిస్తుంటే చదివింపుల పుస్తకం గుర్తొచ్చింది.

మా బాబాయి కూర్చుని రాసిన పొడుగాటి పుస్తకం. ఇంటిపేరు, పేరు, ఊరు, మొత్తం. చేబ్రోలు, అంగలకుదురు, కొలకలూరు, బాపట్ల. 116, 516, 1,116. కుర్చీలు వేసినవాళ్ళు, ఎప్పుడో మా తాతతో కలిసి చదువుకున్న ముసలాయన, అందరూ ఉన్నారు. నలుగురూ మీ పెళ్ళిని ఎలా చూస్తున్నారని అడుగుతున్నారు కదా, ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఏముంటుంది? ఎవరి లిస్టులోనూ ఇది లేదు. అయినా నాలుగు పేజీలు స్కాన్ చేయించి, ఇంగ్లీషులోకి అనువాదం చేయించి, ఇదేమిటో పది వాక్యాల్లో రాసి పెట్టాను. అనువాదకుడు శుభలేఖ దగ్గర మాత్రం ఆగిపోయాడు. "చి.ల.సౌ." అంటే ఇంటిపేరా అని ఆఫీసరు అడిగితే ఏం చెప్తామన్నాడు. దానికో ఫుట్‌నోటు రాశాం.

స్కాన్ చేస్తున్నప్పుడు అట్ట చూశాను. పెళ్ళికూతురు తండ్రి అని మా నాన్న పేరు, పెళ్ళికొడుకు తండ్రి అని మావయ్య గారి పేరు. ఎవరి పెళ్ళో మాత్రం లేదు.

అందుకే ఆ చెల్లికి చెప్పాను, ఇక్కడా చెప్తున్నాను. పెళ్ళి రిజిస్ట్రేషన్ అబ్బాయి సెలవు అయిపోయేలోపే చేయించండి. సాక్షులు తర్వాత దొరకరు అనుకోకండి, దొరుకుతారు, దొరకనిది అబ్బాయే. తిరుమల కల్యాణోత్సవం టికెట్టు పారేయకండి, దాని మీద ఇద్దరి పేర్లూ తేదీ ఉంటాయి. నామినీలు మార్చుకోండి, ఇద్దరూ. పుట్టింటి నుంచి వచ్చే బంగారం బిల్లు మీ పేరున రాయమనండి, నాన్నలు ఏమీ అనుకోరు, వాళ్ళకి ఆ ఆలోచన రాలేదంతే. ఎలా కలిశారో రాయమన్నప్పుడు సినిమా కథ రాయకండి. పెళ్ళిచూపుల్లో నేను అడిగిన మొదటి ప్రశ్న "మీరు వంట చేస్తారా" అని. "సాంబారు వచ్చు, ముద్దపప్పు రాదు" అన్నాడు. ఇద్దరం విడివిడిగా రాసినా అదే రాశాం.

ప్రస్తుతానికి ఫైలు వాళ్ళ దగ్గరుంది. వీసా వెబ్‌సైట్ అకౌంట్‌లో "రిసీవ్డ్" అని చూపిస్తోంది, నేను రోజుకి రెండుసార్లు చూస్తున్నా.

నిన్న అత్తయ్య గారు ఫోన్ చేశారు. కరెంటు మీటరు పేరు మార్చాలంటే ఏం కాగితాలు కావాలో కనుక్కోమన్నారు. "మీ అబ్బాయి పేరు మీదికా, నా పేరు మీదికా అత్తయ్యా?" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "నా పేరు మీదికే అమ్మా, ముప్పై రెండేళ్ళయింది కదా" అన్నారు.