మచ్చు ఎవరు తీయాలి?

(గుంటూరులో అక్కావాళ్ళది మిర్చి కోల్డ్ స్టోరేజీ. పెళ్ళికి ముందు ఆమె హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా చేసింది. బెజవాడలో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నడిపే తమ్ముడు, టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క చూసే సాఫ్ట్‌వేర్‌ను అక్కకే అమ్మబోతున్నాడు. నేను అక్క పక్షం, దాచను.)

తమ్ముడు: రెండు వేల టెస్టులక్కా, అన్నీ పాస్. కవరేజీ 92 శాతం. ఇంకేం కావాలి?

అక్క: కవరేజీ అంటే టెస్టు పెట్టినప్పుడు కోడ్‌లో అంత శాతం లైన్లు నడిచాయనే. వచ్చిన జవాబు సరైనదో కాదో టెస్టు చూసిందని కాదుగా. ఆ టెస్టులు చూపించు.

తమ్ముడు: అదొక్కటీ అడక్కు. అద్దె ఎలా కట్టాలి, తరుగు ఎంత తీయాలి, సగం సరుకు బయటికి పోతే రైతు అప్పు ఎలా సర్దాలి, ఇవన్నీ మూడు సీజన్లు స్టోరేజీల చుట్టూ తిరిగి నేర్చుకున్నా. టెస్టు కేసులు చదివినవాడికి ఇక నా కోడ్‌తో పనేముంది? ఒక పార్టీకి నమ్మి ఇచ్చా. మరుసటేడు అవే లెక్కలు వేరేవాడి డెమోలో కనిపించాయి. ఒప్పందం ఉంది, నిజమే. కానీ మన దేశంలో వ్యాపార రహస్యాలకు విడిగా చట్టమే లేదు. ఆ కాగితం పట్టుకుని కోర్టుకెక్కాలి. ఆరుగురితో నడిపే కంపెనీకి అదయ్యే పనేనా?

(ఈ దెబ్బ గట్టిదే. అక్క కాసేపు మాట్లాడలేదు.)

అక్క: టయోటా కారు దానంతటదే వేగం అందుకుందని ఓక్లహోమాలో కేసు పడితే, బాధితుల తరఫు నిపుణులు కాపలా ఉన్న గదిలో కూర్చుని కోడ్ చదివారు. 2013లో జ్యూరీ కంపెనీదే తప్పంది. కోడ్ మాత్రం బజార్న పడలేదు.

తమ్ముడు: గది నువ్వు కట్టిస్తావా? పరీక్షలో మాత్రమే పొగ తగ్గించి చూపిన ఫోక్స్‌వ్యాగన్ కార్ల బండారం బయటపడింది కోడ్ చూసి కాదు. వెస్ట్ వర్జీనియా యూనివర్సిటీ వాళ్ళు కార్లకు మీటర్లు కట్టి రోడ్డు మీద తిప్పారు. నువ్వూ అలాగే వాడి చూడు.

అక్క: 2015లో సంగతి తేలేసరికి కోటీ పది లక్షల కార్లు రోడ్లెక్కేశాయి. మార్చిలో గేటు ముందు లారీలు వరసకట్టాక వాడి చూడమంటావా?

తమ్ముడు: నమ్మకం లేదని చెప్పు. అసలు కాటా కనెక్షన్ బిల్లు బావ ఇంకా ఇవ్వలేదు.

అక్క: మూడో రోజే ఆగిపోయిందిగా!

తమ్ముడు: కరెంటు పోయి ఆగింది!

అక్క: నాలుగుసార్లు చేస్తే ఫోన్ ఎత్తింది ఎవరు? సరే, అది వదిలెయ్. యార్డులో మచ్చు చూడకుండా సరుకు కొంటారా? ఆ మచ్చు అమ్మేవాడే ఏరి ఇస్తే, పైన ఆరిన కాయ, అడుగున తేమ. నీ రిపోర్టు అలాంటి మచ్చే. ఏ టిక్కీ కోయాలో కొనేవాడు చెప్పాలి. నీ ఆఫీసులోనే, నీ మెషీన్ మీదే, కోడ్‌లో కావాలని తప్పులు పెట్టిద్దాం. కూడిక బదులు తీసివేత, 'ఎక్కువ' అన్నచోట 'ఎక్కువ లేదా సమానం'. ఎక్కడ పెట్టాలో టూల్ లాటరీ తీస్తుంది, నువ్వు కాదు. ఒక్కో తప్పుకు నీ రెండు వేల టెస్టుల్లో ఒక్కటైనా ఫెయిలవ్వాలి. ఎన్ని పట్టుకుంది, ఎన్ని వదిలేసింది, ఆ లెక్క చాలు నాకు. కోడూ వద్దు, టెస్టులూ వద్దు. మ్యుటేషన్ టెస్టింగ్ అంటారు. 1978లోనే డిమిల్లో, లిప్టన్, సేవర్డ్ అనే పరిశోధకులు దీని గురించి రాశారు.

తమ్ముడు: కొన్ని తప్పులు పెట్టినా జవాబు మారదక్కా. టెస్టు పట్టుకోకపోతే నాది తప్పా?

అక్క: కాదు. అలాంటిది వస్తే ఆ లైను చూసి తేల్చుకుందాం.

తమ్ముడు: చూశావా, తిరిగి తిరిగి నా కోడ్ దగ్గరికే వచ్చావు!

అక్క: ఒక్క లైను. అదీ నీ స్క్రీన్ మీదే. శనివారం వస్తున్నా.

తమ్ముడు: రా. వచ్చేటప్పుడు కాటా బిల్లు తీసుకురా.